జానెడు ఓడ

అన్నయ్య ఓడ నుంచి కబుర్లు ఆగిపోయాయని తెలిసిన రోజు నాన్న అలమర తాళం తీసి, దేన్నీ ముట్టుకోకుండానే మళ్ళీ వేసేశాడు. లోపలున్న ముప్ఫై ఏడు యుద్ధనౌకలనీ ఆ చివర నుంచి ఈ చివరకి ఒకసారి చూసి, తాళంచెవి జేబులో పడేసుకుని కార్ఖానాకి వెళ్ళిపోయాడు. బయట ఆ ఏటి తొలి వాన. గొడుగు మర్చిపోయాడని అమ్మ గేటుదాకా పరిగెత్తింది గానీ, అప్పటికే ఆయన మలుపు తిరిగిపోయాడు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఇప్పుడు అరవై దాటాయి, ఇంకా దాచుకుని ఎవరికి మూట కట్టి ఇవ్వాలి? అప్పటికి పోస్టాఫీసులో చేరి రెండేళ్ళయింది. మా పేటకీ, నాన్న పనిచేసే కార్ఖానాకీ వచ్చే ఉత్తరాలు వేరుచేసే బల్ల నాది. అన్నయ్య నన్ను 'స్టాంపు' అని పిలిచేవాడు. ఉద్యోగం వచ్చాక పెట్టిన పేరు కాదది. చిన్నప్పుడు వాణ్ణి అంటుకుని వదలకుండా తిరిగేదాన్నని పెట్టాడు. తీరా నేను పోస్టాఫీసులోనే చేరేసరికి, అదంతా తన నోటి చలవేనని అందరికీ చెప్పుకుని తిరిగాడు.

ముందు అలమర సంగతి చెప్పాలి. అది తెలియకపోతే ఆ వానాకాలం మా ఇంట్లో జరిగిందేదీ అర్థం కాదు.

నాన్న ఇనుము పోతపోసే కార్ఖానాలో చెక్క అచ్చులు చేసే వడ్రంగి. ఆయనకి ఈత రాదు. సముద్రంలో మోకాలి లోతు మించి దిగిన మనిషి కాదు. కానీ పాతకాలపు యుద్ధనౌకల నమూనాలంటే పడిచచ్చేవాడు. పాతసామాన్ల దుకాణాల్లో తెరచాప కొయ్యలు విరిగినవీ, రిటైరైన నావికుల ఇళ్ళలో అటకల మీద దుమ్ము కొట్టుకుపోయినవీ వెతికి వెతికి తెచ్చి బాగుచేసేవాడు. దొరకనివి తనే చెక్కేవాడు. తెచ్చినంత మాత్రాన ఏ ఓడా అలమరలోకి వెళ్ళేది కాదు. ఆ పేరుగల అసలు ఓడ చివరికి ఏమైందో తెలియాలి. దానికోసం లైబ్రరీలకీ మ్యూజియంలకీ ఉత్తరాలు రాసేవాడు. జవాబు ఏడాదికి వచ్చినా సరే, అప్పటిదాకా ఆ ఓడ పనిబల్ల మీదే ఉండేది. ఇంట్లో ఉప్పు నిండుకుందంటే చెవిన పడదు గానీ, రెండువందలేళ్ళ కిందటి ఓడ ఏ గట్టున చేరిందో మాత్రం కావాలి ఈయనకి అని అమ్మ సణిగేది.

చివర తెలిశాక దాన్ని పెట్టడానికో పద్ధతి ఉంది. మా ముందుగదిలో అలమరకి ఎడమపక్క కిటికీ, కుడిపక్క గోడ. యుద్ధాలన్నీ గడిచి, క్షేమంగా రేవుకి తిరిగొచ్చి, ముసలిదైపోయాక విప్పేసిన ఓడ అయితే దాని ముక్కు కిటికీ వైపు. సముద్రంలోనే ఉండిపోయినదైతే ముక్కు గోడ వైపు. మునిగింది అనే మాట మా ఇంట్లో వాడేవాళ్ళం కాదు, 'గోడవైపు తిరిగింది' అనేవాళ్ళం. చివరికి ఇస్త్రీపెట్టె కాలిపోయినా అది గోడవైపు తిరిగినట్టే. ఒకసారి వీధి చివరి కాంపౌండరు పోతే పరామర్శకి వెళ్ళి, అన్నయ్య ఆయన కొడుకుని ఎంతో మర్యాదగా, ఎప్పుడు తిరిగారండీ గోడవైపు అని అడిగేశాడు. అమ్మ వాడి మోచెయ్యి గిల్లి, ఏదో సర్దిచెప్పి ఇంటికి లాక్కొచ్చింది. దారిపొడుగునా మేమిద్దరం నవ్వాపుకోలేక చచ్చాం.

ముప్ఫై ఏడింటిలో ఒక్కటి మాత్రం ఎటూ తిరగలేదు. మూడు తెరచాపల చిన్న ఓడ. రేవు దాటుతుంటే చూసినవాళ్ళున్నారు, ఆ తర్వాత ఏమైందో చెప్పేవాళ్ళు లేరు. పదకొండేళ్ళు ఉత్తరాలు రాసి రాసి విసిగిపోయాక నాన్న దాన్ని అలమరలో అడ్డంగా పెట్టాడు. ముక్కు గదిలోకి వచ్చింది. గదిలో ఎక్కడ కూర్చున్నా సరే, అది మన మొహంలోకే చూస్తున్నట్టుంటుంది. దానికి 'ఎదురుచూపు' అని పేరు పెట్టింది కూడా అన్నయ్యే.

ఆ బొమ్మలు చూసి చూసే వాడికి సముద్రం పిచ్చి పట్టిందని అమ్మకి నాన్న మీద లోలోపల కోపం. వాడు నౌకాదళంలో చేరిన రోజు నుంచీ ఆ కోపం పొయ్యి మీద పాలలా కాగుతూనే ఉంది, పొంగింది మాత్రం లేదు. పైగా రోజూ పొద్దున్నే అలమర తుడిచేది అమ్మే. ఏది ఎటు తిరిగి ఉందో నాన్నకైనా ఒకోసారి అనుమానం వచ్చేది గానీ అమ్మకి రాలేదు.

అన్నయ్య ఎక్కిన ఓడ పెద్దదేమీ కాదు. సముద్రంలో పరిచిన మందుపాతరలు ఏరే చిన్న ఓడ, నలభై మంది మనుషులు. గాలివాన వచ్చిన సాయంత్రం ఒక మాట పంపి, మరో మాట పంపలేదు.

నాలుగో రోజున నాన్న పెరటి షెడ్డులో పనిబల్ల ముందు కూర్చుని కొత్త చెక్క చేతిలోకి తీసుకున్నాడు. ఏం చేస్తున్నాడో ఎవరూ అడగలేదు. పొగగొట్టం ఒక్కటే, ముందు ఒక ఫిరంగి, వెనక తాళ్ళు చుట్టే చక్రం. అది ఏ ఓడో, అన్నయ్య పంపిన ఫోటోలో మాకు రోజూ కనపడుతూనే ఉంది.

మా వదిన బడిలో బొమ్మల టీచరు. పెళ్ళై వచ్చిన రెండో వారంలోనే నాన్న చేతిలోంచి కుంచె లాక్కుని, మామయ్యా మీరు చెక్కడం వరకే చూసుకోండి అని చెప్పేసిన మనిషి. అప్పటి నుంచీ ఓడలకి రంగులన్నీ ఆమే వేసేది. సూదిమొనతో కిటికీలు దిద్దేది. అన్నయ్య సెలవుల్లో వచ్చి, పెళ్ళాం నాకోసం ఎదురుచూస్తుందనుకుంటే మా నాన్నకి చేతికింద పనికి కుదిరిపోయిందే అని ఏడిపించేవాడు. అలాంటి వదిన ఆ సాయంత్రం బడి నుంచి వచ్చి, షెడ్డు గుమ్మంలో నిలబడి ఆ చెక్కని చూసింది. స్కేలు తీసి కొలిచింది.

"మామయ్యా, కొలత తగ్గిందేంటి? పదకొండు అంగుళాలు రావాలి కదా. ఇది జానెడే ఉంది."

"కర్ర సరిపోలేదమ్మా" అన్నాడు నాన్న తలెత్తకుండా.

వదిన స్కేలు బల్ల మీద పెట్టేసింది. నాకు మాత్రం అది మింగుడుపడలేదు. అసలు ఓడ ఇన్ని అడుగులుంటే నమూనా ఇన్ని అంగుళాలని, నాన్న తను చెక్కే ఓడలన్నిటికీ ఒకటే కొలత పెట్టుకున్నాడు. గోరంత తేడా వస్తే నెల రోజుల పనిని పొయ్యిలో పడేసేవాడు. అచ్చుల మేస్త్రీకి చిన్నగా చెయ్యడమంటే అసలే పడదు. పోసిన ఇనుము చల్లారాక కుంచించుకుపోతుంది కాబట్టి, అచ్చు ఎప్పుడూ ఒక పిసరు పెద్దగా ఉండాలని చిన్నప్పటి నుంచీ మా చెవుల్లో జోరీగలా చెప్పేవాడు. బాధలో ఉన్నాడు, చెయ్యి తప్పింది పాపం అనుకున్నాను.

మూడు వారాలకి తెల్ల దుస్తుల్లో ఒక ఆఫీసరు వచ్చాడు. అన్నయ్య వయసువాడే. బూట్లకి బురదైందని గుమ్మం దగ్గరే నిలబడిపోతే, ఫరవాలేదు రా బాబూ అని అమ్మే లోపలికి పిలిచింది. కుర్చీ అంచున కూర్చుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని, చేతిలోని గోధుమరంగు కవరు వైపే చూస్తూ నీళ్ళు నమిలాడు. విమానాలు ఎన్ని తిరిగాయో, ఎన్ని మైళ్ళు వెతికారో చెప్పాడు. అసలు మాట రాలేదు. నాన్న చెయ్యి చాపి ఆ కవరు తీసుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. మూడోసారి చదువుతుంటే ఆయన ఏ మాట కోసం వెతుకుతున్నాడో నాకు తెలిసిపోయింది.

ఆ మాట అందులో లేదు. ఆచూకీ లభించలేదు, గాలింపు నిలిపివేయడమైనది, అంతవరకే ఉంది.

అమ్మ ఒక్కటే అడిగింది. "చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా బాబూ?"

"లేరమ్మా."

"చెక్క ముక్కైనా దొరికిందా?"

ఆ అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. అమ్మ లేచి వెళ్ళి టీ కలిపి తెచ్చింది. అతను తాగలేక తాగాడు. వెళ్తూ వెళ్తూ అలమర ముందు ఒక్క క్షణం ఆగి, చాలా బాగున్నాయండీ అన్నాడు. అంతకంటే ఏం అంటాడు. నాన్న ఆ కవరుని గోడకున్న అద్దం వెనక దోపాడు. నౌకాదళం నుంచి మా ఇంటికి ఏ కాగితం వచ్చినా అదే రంగు కవరు. పెళ్ళికి సెలవు మంజూరైన కాగితం కూడా అలాంటి దాంట్లోనే వచ్చింది.

ఓడకి నంబరు దిద్దడం ఒక్కటే మిగిలింది. ఆ ఆదివారం వదిన కిటికీ వెలుతురులో కూర్చుని దిద్దింది. మూడంకెలు దిద్దడానికి పూటంతా పట్టింది. రంగు ఆరాక నాన్న దాన్ని రెండు చేతులా పట్టుకొచ్చి, అలమరలో నడిమి అరలో, మూడు తెరచాపల ఓడ పక్కన అడ్డంగా పెట్టాడు. ముక్కు గదిలోకి. తలుపు వేస్తే దాని అద్దానికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

ఇక ఆ గదిలో కూర్చోవడం మా తరం కాలేదు. అమ్మ బియ్యం చేట పట్టుకుని వంటింట్లోకి మారిపోయింది. నేను పోస్టాఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే తల తిప్పుకునేదాన్ని. వదిన అయితే ముందుగదిలోంచి నడవడమే మానేసింది. బడికి పెరటి తలుపులోంచి వెళ్ళి, పెరటి తలుపులోంచే వచ్చేది. ఆ సందు వానకి చిత్తడి చిత్తడి. రోజూ సాయంత్రం పెరటి మెట్టు మీద మడమ దాకా బురదైన వదిన చెప్పులు కనిపించేవి. నాన్న షెడ్డులోంచి వస్తూ వాటిని చూసి, పక్కకి జరిపి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేవాడు.

అలా నెల గడిచింది. కళ్ళు కాయలు కాయడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఆ రోజుల్లోనే వదిన పేరు మీద ఒక కవరు నా బల్ల మీదకి వచ్చింది. సర్వే ఆఫీసు వాళ్ళు మ్యాపులు గీసే శిక్షణకి ఆమెని ఎంపిక చేశారు. రెండేళ్ళు వేరే ఊళ్ళో, ఆ తర్వాత అక్కడే ఉద్యోగం. వచ్చే నెల ఒకటో తారీఖున చేరాలి, చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. ఆ దరఖాస్తు నింపింది అన్నయ్యే. చివరిసారి సెలవుకి వచ్చినప్పుడు, నువ్వు బడిలో మామిడికాయలు గీయిస్తూ ముసలిదానివైపోతావా ఏంటి అని తిట్టి, తన చేత్తో నింపి, నా చేతికిచ్చి పోస్టు చేయించాడు. 

వదిన ఆ కవరు చింపి చదివి, మడిచి, డ్రాయింగు పుస్తకాల అడుగున పెట్టేసింది. ఎప్పుడు బయల్దేరాలి అని నేనడిగితే నిమ్మకు నీరెత్తినట్టు పిల్లల పుస్తకాలు దిద్దుకుంటూ కూర్చుంది. వారం రోజులు వెంటపడ్డాను. వెళ్ళు వదినా, వాడే కదా పంపాలనుకున్నాడు అన్నాను. బతిమాలాను. చివరికి ఒకరోజు వంటింట్లో కోపంగానే అడిగేశాను, ఇక్కడ కూర్చుని ఏం చేస్తావని.

అమ్మ కూరగాయలు తరుగుతోంది. కత్తి ఆపకుండానే, "వెళ్తానంటే నేనేమైనా అడ్డంగా నిలబడ్డానా?" అంది.

ఆ మాట అన్నాక అమ్మ కత్తి ఆగిపోయింది. అడ్డం అనే మాట మా ముగ్గురికీ ఒకేచోట తగిలింది. 

వదిన అంది. "నన్ను వెళ్ళమంటున్నావు కానీ స్టాంపూ, వెళ్ళాలంటే ఆ గది దాటాలి. పెట్టె పట్టుకుని పెరటి సందులోంచి దొంగలా పోలేను కదా. అది నా మొహంలోకే చూస్తోంది. రేపు ఆయన తలుపు కొడితే ఎవరు తియ్యాలి? ఎటో ఒకటి తేలితే వెళ్ళేదాన్ని. తేలలేదు కదా."

పెరటి మెట్టు మీద నాన్న ఉన్నాడని అప్పుడే చూశాను. చేతిలో వదిన చెప్పులు. బురద గీకుతున్నాడు. విన్నాడో లేదో మొహంలో తెలియలేదు.

ఒకటో తారీఖుకి ఇంకా అయిదు రోజులుంది. ఆదివారం పొద్దున వాన తెరిపిచ్చింది. నాన్న మమ్మల్ని ముగ్గురినీ ముందుగదిలోకి పిలిచాడు. వదిన గుమ్మం దగ్గరే ఆగిపోయింది. రా అమ్మా అన్నాడు. నాన్న గొంతు అంత మెత్తగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. అలమర తాళం తీశాడు. జానెడు ఓడని చేతిలోకి తీసుకుని, నడిమి అర చివరికంటా జరిపి, ముక్కు గోడ వైపు తిప్పి పెట్టాడు. తలుపు వేశాడు.

అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఉత్తరం వచ్చింది" అన్నాడు నాన్న.

"ఎక్కణ్ణుంచి మామయ్యా?" అంది వదిన.

"నౌకాదళం నుంచి. చెక్కలు దొరికాయట. నంబరు కనిపిస్తోందట."

"ఏదీ?"

"కార్ఖానా చిరునామాకి వచ్చింది. అక్కడే ఉంచేశాను. ఇంట్లోకి తేబుద్ధి కాలేదు."

మా నాన్న ఒక్క ఓడని కూడా రుజువు లేకుండా ఇటు నుంచి అటు తిప్పిన మనిషి కాదు. ఒక దానికోసం పదకొండేళ్ళు ఆగాడు. ఆ సంగతి వదినకీ తెలుసు. ఆమె నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"కార్ఖానా ఉత్తరాలన్నీ నీ చేతి మీదుగానే కదా స్టాంపూ వెళ్ళేవి. నువ్వు చూశావా?"

ఆ వారం కార్ఖానాకి వచ్చినవి తొమ్మిది. ఇప్పటికీ చెప్పగలను. బొగ్గు కంపెనీవి మూడు, విద్యుత్ శాఖది ఒకటి, తిరిగొచ్చిన మేనేజరు కూతురి శుభలేఖలు రెండు, మిగతావి ఎవరెవరి సొంతవో కార్డులు. నాన్న పేరు మీద ఏదీ లేదు. నాన్న నా వైపు చూడలేదు, అలమర తాళంచెవి వైపు చూస్తున్నాడు. ఆయన అబద్ధమాడగా వినడం నా జన్మలో అదే మొదలు, దాన్ని నిలబెట్టమని కళ్ళతోనైనా నన్ను అడగలేదు. చూడలేదు అంటే చాలు, అన్నయ్య మళ్ళీ గదిలోకి తిరుగుతాడు. నాకూ అదే కావాలి. దేవుడి మీద ఒట్టు, నాకూ అదే కావాలి.

"చూశాను వదినా" అన్నాను. "గురువారం వచ్చింది. నీలం కవరు. నేనే సంచిలో వేసి పంపించాను."

నీలం అని ఎందుకన్నానో తెలియదు. ఏదో ఒక రంగు చెప్తే నమ్ముతుందనిపించింది.

వదిన నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత నాన్న మొహంలోకి, అమ్మ మొహంలోకి చూసింది. నేల మీద కూలబడి ఏడ్చింది. ఆ రెండు నెలల్లో ఆమె ఏడవటం చూడటం అదే మొదటిసారి. అమ్మ పక్కన కూర్చుని ఆమె తల ఒళ్ళోకి తీసుకుంది. ఆ మధ్యాహ్నం వంటింట్లో నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు అమ్మ వచ్చి, నీలం కవరా అని అడిగింది. అవునమ్మా అన్నాను. సరేలే అని పొయ్యి వెలిగించుకుంది.

నాలుగు రోజులకి వదిన బయల్దేరింది. ముందు తలుపులోంచే వెళ్ళింది. నాన్న పెట్టె మోశాడు, నేను పరుపుచుట్ట పట్టుకున్నాను. బస్సు కదిలేముందు నాన్న కిటికీ దగ్గరకి వెళ్ళి, కొలతలు జాగ్రత్తమ్మా, మ్యాపు కదా, ఎవరో దాన్ని నమ్ముకుని నడుస్తారు అన్నాడు. అలాగే మామయ్యా అంది. మేం బస్సు కనుమరుగయ్యేదాకా నిలబడి, నడిచి ఇంటికొచ్చాం.

చెప్పులు విప్పుతూ అలవాటుగా తల తిప్పుకోబోయాను. నడిమి అరలో జానెడు ఓడ మళ్ళీ అడ్డంగా ఉంది. ముక్కు గదిలోకి. అమ్మ తుడిచే గుడ్డ భుజం మీద వేసుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది. నాన్న ఓడని చూశాడు, అమ్మని చూశాడు. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఎన్నో ఏళ్ళుగా వాళ్ళిద్దరి మధ్యా కాగుతున్నదేదో ఆ పూటే చల్లారిందని నాకనిపిస్తుంది.

అప్పుడడిగాను. "నాన్నా, ఆ రోజు నిజంగానే కర్ర సరిపోలేదా?"

"కర్రకేం. దూలమంత ఉంది" అన్నాడు. అలమర వైపు చూసి, "అలమర లోతు తొమ్మిదిన్నర అంగుళాలే" అన్నాడు.

పదకొండు అంగుళాల ఓడ అందులో అడ్డంగా పట్టదు. కబురు ఆగిన నాలుగో రోజునే, ఆఫీసరు రాకముందే, ఏ ఉత్తరమూ లేకముందే, నాన్న ఆ కొలత వేసుకుని కూర్చున్నాడన్నమాట. గోడవైపు పెట్టాల్సి వస్తుందని ఆయన అనుకోలేదు. అనుకోదలచుకోలేదు.

వదిన శిక్షణ పూర్తిచేసి అక్కడే ఉద్యోగంలో కుదురుకుంది. నాలుగేళ్ళకి తన ఆఫీసులోనే పనిచేసే సర్వేయరుని చేసుకోవాలనుకుంటున్నానని ముందు అమ్మకే రాసింది. అమ్మ ఆ ఉత్తరం నా చేత రెండుసార్లు చదివించుకుని, రమ్మను, ఇద్దరినీ రమ్మను అంది. అప్పటి నుంచీ ఏడాదికోసారి వచ్చేవాళ్ళు. ఆ అబ్బాయి మంచివాడు, నెమ్మదస్తుడు, నాన్న దగ్గర గంటల తరబడి కూర్చుని ఓడల కథలు వినేవాడు. వాళ్ళు వచ్చే రోజున గేటు చప్పుడు కాగానే అమ్మ ఎక్కడున్నా సరే ముందుగదిలోకి వెళ్ళి, జానెడు ఓడని గోడవైపు తిప్పి, ఆ తర్వాతే తలుపు తీసేది. వాళ్ళ బస్సు కదిలాక మళ్ళీ అడ్డంగా తిప్పేది. అమ్మకి మోకాళ్ళు పట్టేశాక ఆ పరుగు నాకు వచ్చింది.

నాన్న పోయిన మరుసటి ఏడు వదిన ఒక్కతే వచ్చింది. అలమర దుమ్ము తాను దులుపుతానని పట్టుబట్టి, నడిమి అరలో ఓడలన్నీ తీసి బల్ల మీద పెట్టింది. అడుగున పరిచిన ఆకుపచ్చ గుడ్డ ఎండకి వెలిసిపోయి బూడిదరంగుకి వచ్చింది. ఓడల పీటల కింద మాత్రం రంగు నిలిచి ఉంది. గోడవైపు చివర, జానెడు ఓడ తీసిన చోట, అంతా వెలిసే ఉంది. నడుమ మాత్రం, మూడు తెరచాపల ఓడ గుర్తు పక్కనే, జానెడు మేర, అడ్డంగా, ముదురాకుపచ్చగా ఒక గుర్తు. మ్యాపులు గీసే మనిషి కళ్ళకి ఇంకేం కావాలి. వదిన చాలాసేపు దానివైపే చూసింది.

"గుడ్డ పాతబడిపోయింది అత్తయ్యా. ఈసారి వచ్చేటప్పుడు కొత్తది తెస్తాను" అంది.

మాట ప్రకారం తెచ్చింది. కొలిచి కత్తిరించి, ముడత లేకుండా పరిచింది. కిటికీవైపువి కిటికీవైపు, గోడవైపువి గోడవైపు, ఒక్కొక్కటే తిరిగి సర్దింది. జానెడు ఓడ ఆఖరున మిగిలింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని, ఎప్పుడో తను దిద్దిన నంబరు మీద దుమ్ము ఊది, తన చేత్తోనే అడ్డంగా పెట్టింది. ముక్కు గదిలోకి.

నేను నోరు తెరవబోయాను. వదిన చెయ్యెత్తి ఆపింది.

"నౌకాదళం వాళ్ళ కవర్లన్నీ గోధుమరంగువి స్టాంపూ. పోస్టాఫీసులో పనిచేస్తూ నీలం అన్నావు చూడు, అక్కడే దొరికిపోయావు."

"మరి తెలిసి కూడా ఎలా వెళ్ళావు వదినా?"

"మామయ్య అబద్ధమాడారు. నువ్వూ ఆడావు. అత్తయ్య నోరు నొక్కుకుని కూర్చున్నారు. ముగ్గురూ కలిసి అంత పని చేశాక, వెళ్ళకుండా ఎలా ఉంటాను?"

అమ్మ కుర్చీలోంచి అంతా వింటోంది. లేవలేదు. టీ చల్లారిపోతోంది, వచ్చి తాగండి అంది. వదిన అలమర తలుపు మెల్లగా వేసి, అద్దానికి ఓడ ముక్కు తగలడం లేదని వంగి చూసుకుని, తాళంచెవి నా చేతిలో పెట్టింది.